హసింతో టోపీ పట్టీ

ఎదెల్మీరా ఇంట్లో ఎర్రదారం కండె ఒక్కటి కూడా ఉండేది కాదు. ఆవిడ బతుకుతెరువేమో కుట్టుపని. గుర్రాల మీద తిరిగే మగవాళ్ళ వదులు ప్యాంట్లు, అవే బొంబాచాలు, మా చుట్టుపక్కల ఆవిడలా కుట్టేవాళ్ళు లేరు. కార్నివాల్ ముందు ఏ పడుచుపిల్లయినా ఎర్ర గౌను కావాలని గుడ్డ పట్టుకొస్తే, దాన్ని ముట్టుకోకుండానే పక్క వీధి దర్జీ దగ్గరికి పొమ్మనేది. ఎన్నికలొస్తే మాత్రం తిండీ నిద్రా మానేసి పార్టీవాళ్ళ టోపీలకు తెల్ల పట్టీలు కుట్టేది. వాటికి పైసా పుచ్చుకునేది కాదు.

ఉరుగ్వేలో, అందులోనూ బ్రెజిల్ సరిహద్దు దగ్గరి మా వైపు, మనిషి పుడుతూనే తెల్లో ఎర్రో అయి పుడతాడు. ఎర్ర అంటే సమ్మెలు చేసేవాళ్ళ ఎరుపు అనుకోకండి. రెండూ పాత పార్టీలే. రెంటిలోనూ భూములున్నవాళ్ళున్నారు, లేనివాళ్ళున్నారు. తేడా ఏమిటని నన్నడిగితే, మాదీ తెల్లవాళ్ళ ఇల్లే అయినా, నేను చెప్పలేను. పంతొమ్మిది వందల నాలుగులో ఈ రెండు పక్షాలూ గుర్రాలెక్కి ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నాయి. వీళ్ళ టోపీకి తెల్ల పట్టీ, వాళ్ళ టోపీకి ఎర్ర పట్టీ. పట్టీ తీసేస్తే మనిషికీ మనిషికీ తేడా లేదు. చేతికి చిక్కినవాడి గొంతు కోయడంలో అసలే లేదు.

ఎదెల్మీరా వాళ్ళమ్మ బ్రిజిదా తండ్రి హసింతో ఆ యుద్ధంలోనే పోయాడు. ఎర్రవాళ్ళు పట్టుకుని గొంతు కోశారని ఊరంతా చెప్పుకునే మాట. మా ఊరి స్మశానం గోడలో శవపేటికలు పెట్టే అరలున్నాయి, ఆయన అర పైన ఒక ఇత్తడి ఫలకం ఉంది. తెల్ల పక్షం కోసం ప్రాణమిచ్చినవాడని దాని మీద రాసి ఉంటుంది. ఏటా నవంబరులో పెద్దల దినం వచ్చిందంటే పార్టీ మగవాళ్ళంతా ఆ అర ముందు టోపీలు తీసి నిలబడతారు. వాళ్ళకు పెద్ద సాతుర్నినో, గౌరవంగా దోన్ సాతుర్నినో అంటారు. ఈయన హసింతో బావమరిది ఫ్లోరో కొడుకు. హసింతో పోయాక దిక్కులేని చెల్లెలినీ ఆవిడ పిల్లల్నీ ఫ్లోరో చేరదీసి ఇల్లిచ్చాడు. ఎదెల్మీరా తన తల్లితో ఉంటున్నది ఆ ఇంట్లోనే. అది ఇప్పుడు సాతుర్నినోది. తల్లికి మేనమామ కొడుకు, ఎదెల్మీరా మావయ్యా అని పిలిచేది, పైగా నీడ ఇచ్చినవాడు. ఆవిడ ఆయన ముందు గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇరవైలలో ఉన్నప్పుడు ఎదెల్మీరా ఒకణ్ణి ప్రేమించింది. పేరు లిసాంద్రో, ఎర్రవాళ్ళ పిల్లాడు. ఆ రోజుల్లో అది మరీ తలలు తీసేంత నేరమేమీ కాదు, అలాంటి పెళ్ళిళ్ళు ఊళ్ళో రెండుమూడు జరిగాయి. దుప్పట్లకు పేర్ల మొదటి అక్షరాలు కూడా కుట్టుకుంది పిచ్చిది. సరిగ్గా అప్పుడు వాళ్ళమ్మ ఆమెను కూచోబెట్టి చెప్పింది, ఆ లిసాంద్రో తాత పంతాలియోనే హసింతో గొంతు కోసింది అని. ఇక నోరెత్తడానికి ఏముంది? ఎదెల్మీరా దుప్పట్ల మీది అక్షరాలు విప్పేసింది. లిసాంద్రో ఏడాది తిరక్కుండా వేరే పిల్లను చేసుకున్నాడు, దాణా కొట్టు పెట్టాడు, పచ్చగానే బతికాడు. ఈవిడ తల్లిని చూసుకుంటూ, మిషను తొక్కుకుంటూ ఉండిపోయింది.

మా బేకరీ వాళ్ళింటికి ఆనుకునే ఉంటుంది. రోజూ పొద్దున్నే టీలాంటి మతే ఆకు కాచుకుని ఇద్దరం ఒకే గిన్నెలోంచి గొట్టంతో పీల్చుకుంటూ కూచునేవాళ్ళం. లిసాంద్రో భార్య పోయాక అతను నెలకోసారి పొడవు తగ్గించాలంటూ ప్యాంటు పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. మనిషి ఎత్తేమో అంతే ఉంది, ప్యాంట్లు మాత్రం నెలనెలా పొడుగైపోతున్నాయని నేను ఏడిపించేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు. ఒకసారి అతను ఏదో కదపబోతే, ముందు మీ తాత చేతులు కడుక్కురమ్మను అందట. అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది చలికాలంలో, మాకది జూన్, జూలై నెలలు, బ్రిజిదా చచ్చిపోయింది. తనను మట్టిలోనే పెట్టమనీ, గోడలో తనకు చోటు అక్కర్లేదనీ, తన తండ్రి పెట్టె జోలికి ఎవరూ పోవద్దనీ ఎప్పటినుంచో చెబుతుండేది. మొగుడు పోయినప్పుడు కూడా ఆ అర తెరవనివ్వలేదు, ఆయన్ను మట్టిలోనే పెట్టించింది. పాపం ఎంత అణకువ అనుకున్నాం అందరం. ఎదెల్మీరాకు మాత్రం మనసొప్పలేదు. అంతటి తండ్రి కూతురు వానకు నానే మట్టిలో ఎందుకుండాలి, ఆ తండ్రి పక్కనే పెడతానని పట్టుబట్టింది. ఆ పట్టుదల అంతా ప్రేమే. అదే ఆవిడ కొంప ముంచింది.

గోడ అరలో ఒక్క పెట్టే పడుతుంది. కొత్తగా పోయినవాళ్ళకు చోటు కావాలంటే పాత పెట్టె తెరిచి, ఎముకలు ఏరి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, తెల్ల దుప్పటిలో చుట్టి చిన్న పెట్టెలో సర్దాలి. ఆ పని ఇంటి ఆడవాళ్ళు చేస్తారు. తనకు ఇంకెవరూ లేరు కాబట్టి నన్ను రమ్మంది. బ్రిజిదా శవపేటిక స్మశానం గదిలో బల్ల మీద ఉంది. మేం గోడ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ లిసాంద్రో నిలబడి ఉన్నాడు.

పెట్టె తెరవొద్దన్నాడు. మీ అమ్మ అడిగినట్టే చెయ్యి, ఆవిడ మాట కాదనకు అన్నాడు. ఎదెల్మీరా మొహం మాడిపోయింది. మా ఇంటి శవాల సంగతి నీకెందుకని ఒక్క మాటన్నది, స్మశానం కాపరికి సైగ చేసింది. అతను ఫలకం విప్పి, పెట్టె బయటికి లాగి, పైన అతుకు వేసిన జింకు రేకు కోశాడు. లిసాంద్రో వెళ్ళలేదు, అలాగని దగ్గరికీ రాలేదు.

జింకు పెట్టె కదా, లోపలికి చెమ్మ పోలేదు. చొక్కా మట్టిరంగుకు తిరిగింది, బూట్లు ఎండి బిగుసుకుపోయాయి. ఛాతీ మీద టోపీ బోర్లించి పెట్టారు. ఎదెల్మీరా దాన్ని రెండు చేతులతో ఎత్తింది. టోపీ చుట్టూ కట్టిన పట్టీ ఎర్రగా ఉంది.

దాని మీద ఏ అక్షరమూ కుట్టి లేదు, ఉత్త పట్టీ. పైన కొంచెం వెలిసినా మడతల్లో ఇంకా నిగనిగలాడుతోంది. ఆవిడ ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పాక అటూ ఇటూ తిప్పి చూసి, లిసాంద్రో వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు మొత్తం, తన టోపీ చేతుల్లో నలుపుకుంటూ. హసింతో ఎర్రవాడు. లిసాంద్రో తాత పంతాలియోన్, హసింతో ఒకే దళంలో పక్కపక్కన గుర్రాలు తోలారు. హసింతోను పట్టుకుని గొంతు కోసింది ఫ్లోరో దళం, అంటే సొంత బావమరిది మనుషులే. ఫ్లోరో చేతుల్తో కోశాడో లేదో ఎవరూ చూడలేదు గానీ, కోసేటప్పుడు అక్కడే గుర్రం మీద ఉన్నాడు. శవాన్ని ఎద్దు తోలులో చుట్టి బండి మీద ఇంటికి తెచ్చింది పంతాలియోన్. పట్నం నుంచి జింకు పెట్టె తెప్పించిందీ ఆయనే. హసింతో భార్య ఆయన్ను ఒక్కటే కోరింది. రేపటినుంచి నా పిల్లలు మా అన్న పెట్టే కూడు తినాలి, ఎర్ర పట్టీ పెట్టెలోనే ఉండనీ, బయట నోరు విప్పకు అన్నదట. బ్రిజిదాకు అప్పుడు ఏడేళ్ళు. పెట్టె మూస్తుంటే పక్కనే ఉంది.

"మరి మీ తాత కోశాడని మా అమ్మ ఎందుకు చెప్పింది?" అని అడిగింది ఎదెల్మీరా.

"మనం పెళ్ళి చేసుకుంటే మా ఇంట్లో ఎవరో ఒకరు నీకు నిజం చెప్పేస్తారని భయపడింది. చెప్పేముందు నా దగ్గరికొచ్చింది. మా ఇంటి వెనకాల నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నిజం బయటపడితే సాతుర్నినో ఇల్లు ఖాళీ చేయిస్తాడు, ముసలిదాన్ని రోడ్డున పడతాను, నా కూతురు నిన్నేమన్నా అనుకోనీ, నోరు మాత్రం విప్పనని మాటియ్యమంది. ఇచ్చాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైతే ఆ స్పిరిట్ సీసా అతని మొహాన కొట్టేదాన్ని. ఎదెల్మీరా అరవలేదు. కిందికి చూస్తూ, "నాకూ ఒక మాట ఇచ్చావుగా. దాన్ని ఎవరికి అమ్ముకున్నావు?" అంది. తాత ఎముకల్ని ఒక్కొక్కటీ తుడిచి మేము దుప్పటిలో చుట్టి చిన్న పెట్టెలో సర్దాం. ఎదెల్మీరా ఆ పెట్టె ఒక్కదాన్నే అరలోకి తోసి మూయించింది. ఎర్ర పట్టీ మాత్రం మడిచి జాకెట్లో పెట్టుకుంది. మరి మీ అమ్మను ఏం చేద్దామని కాపరి అడిగాడు.

"మట్టిలోనే పెట్టండి. అడిగింది అదేగా," అంది. గుంట మీద గుప్పెడు మన్ను వేయడానికి కూడా ఆగలేదు.

ఆ తర్వాత నెలంతా ఆవిడ మిషను దగ్గర కూచోలేదు. మతే గిన్నె చేతికిస్తే చల్లారేదాకా అలాగే పట్టుకునేది. మాట్లాడితే తల్లి గురించే. జ్వరమొస్తే తలదగ్గర కూచున్న తల్లి, తాను దుప్పట్ల మీది అక్షరాలు విప్పేస్తుంటే పక్కన కూచుని కత్తెర అందించిన తల్లి. "కత్తెర అందించిందే ఒర్ఫీలియా, దారాలు ఏరి పారేసింది కూడా" అని నాతో అనేది. ఇల్లు పోతుందని భయపడిందే అనుకో, ఆ ఇంట్లో ఉండాల్సింది నేను కూడానని తట్టలేదా, నన్ను ఒక్క మాట అడిగితే గుడిసెలోనైనా ఉంటాననేదాన్ని కదా అని ఏడ్చేది. కన్నతల్లి నిలువునా ముంచితే ఎవరితో చెప్పుకుంటాం? చచ్చినదాన్ని తిట్టలేక, తిట్టకుండా ఉండలేక చిక్కి సగమైంది.

లిసాంద్రో వస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ప్యాంట్లు తేవడం మానేశాడు. వానపడ్డ రోజుల్లో నేను వేయించిన రొట్టెలు పట్టుకెళితే ముగ్గురం తినేవాళ్ళం. మొదట్లో ఆవిడ అతనికి మొహం చూపించేది కాదు. తర్వాత్తర్వాత మెత్తబడింది. నాకు నచ్చకపోయినా చెప్పక తప్పదు, మెత్తబడటానికి ఆవిడ ఒక సాకు వెతుక్కుంది. నా తల్లి నాకు అబద్ధం చెప్పింది, ఇతను చెప్పలేదు, ఊరుకున్నాడంతే, ఇచ్చిన మాటకు కట్టుబడ్డాడు, అలాంటి మనిషి ఈ కాలంలో ఎక్కడున్నాడు అనేది. మాట నిలబెట్టుకున్నాడు సరే, ఆ మాట బరువు ఇన్నేళ్ళూ మోసింది ఎవరే అని నేనన్నాను. నీకు మగాళ్ళంటే పడదులే అని కొట్టిపారేసింది. మా ఆయన పక్కనే ఉండి పకపకా నవ్వాడు.

సెప్టెంబరులో వసంతం వచ్చేసరికి అతను సూటిగానే అడిగాడు, మన మధ్య ఇక అడ్డమేముంది, పెళ్ళి చేసుకుందామని. ఆవిడ ఒక్క షరతు పెట్టింది. పెద్దల దినాన తెల్లవాళ్ళంతా ఆ అర ముందు నిలబడతారు కదా. అక్కడ నేను నోరు విప్పుతాను. మా తాత ఎవరో, ఎవరి చేతుల్లో పోయాడో చెబుతాను. నా మాట ఎవరూ నమ్మరు, ఆడదాన్ని, పైగా తల్లి పోయి మతి చెడిందంటారు. మా తాత శవాన్ని తెచ్చింది మీ తాతే, ఆ సంగతి నీకు మీ నాన్న నోట తెలుసు. నువ్వు నా పక్కన నిలబడి అవునను. అంతే. ఆ ఒక్క మాట అన్న మర్నాడే చర్చికి వెళదాం. లిసాంద్రో సరేనన్నాడు. నా ఎదురుగానే, ఆవిడ చేయి పట్టుకుని సరేనన్నాడు. ఇల్లు పోతుందేమే అని నేను హెచ్చరిస్తే, పోతే అతని ఇంటికే పోతానుగా అని సిగ్గుపడుతూ నవ్వింది. నలభై దాటిన మనిషి అలా నవ్వితే చూడటం నాకూ బాగుంది.

ఆ రోజు రానే వచ్చింది. గోడ దగ్గర పార్టీ జనం బాగానే చేరారు. లిసాంద్రో కూడా వచ్చాడు, శుభ్రంగా గడ్డం గీసుకుని. ఎర్రవాడు ఇక్కడెందుకని కొందరు గుసగుసలాడారు గానీ, అందరి పశువులకూ దాణా ఇచ్చేవాడే కాబట్టి ఎవరూ పొమ్మనలేదు. సాతుర్నినో ఏటా చెప్పే నాలుగు మాటలూ చెప్పి ముగించాడు. అప్పుడు ఎదెల్మీరా ముందుకొచ్చింది. జాకెట్లోంచి పట్టీ తీసి రెండు చేతుల మీద పరిచింది.

"మావయ్యా, మా తాత టోపీకి ఉన్న పట్టీ ఇది. నా చేతులతో విప్పాను. ఆయన ఎర్రవాడు. ఆయన్ను కోసింది మీ నాన్న మనుషులు," అంది.

నేను పక్కకొచ్చి, అవును, నా కళ్ళతో చూశానన్నాను. నా మాట గాల్లోనే పోయింది. సాతుర్నినో పట్టీని తీసుకుని ఎండకు పెట్టి చూశాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటించాడో, నిజంగానే నమ్మాడో ఈ రోజుకీ నేను తేల్చుకోలేదు.

"అమ్మాయ్, ఇది ఎర్ర పట్టీ కాదు. తెల్ల పట్టీయే. మీ తాత రక్తంలో తడిసింది," అన్నాడు, దాన్ని ముద్దు పెట్టుకున్నాడు.

ఆ మాట చెవిన పడగానే జనమంతా ఒక్కసారి కదిలారు. కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు. రక్తం ఆరితే నల్లబడుతుందనీ, చివరిదాకా ఇంత సమంగా అంటుకోదనీ ఎవడికీ తట్టలేదు. రోజూ గొర్రెలు కోసే మగవాళ్ళు వీళ్ళు. తట్టలేదా, తట్టనివ్వలేదా అని తర్వాత నాకు అనుమానం వచ్చింది. ఎదెల్మీరా వెనక్కి తిరిగి లిసాంద్రోను చూసింది.

"చెప్పు లిసాంద్రో. మీ తాతే కదా తెచ్చింది," అంది.

సాతుర్నినో కూడా అటు చూశాడు. ఆయన చూపులో కోపం లేదు, బెదిరింపు లేదు. నెల నెలా నీ కొట్టులో సరుకు కొనే మనిషి నిన్ను చూసినట్టే చూశాడు. లిసాంద్రో టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకోబోయి ఆగాడు.

"ఎప్పటి సంగతో. నేనేం చెప్పగలను? పెద్దవాళ్ళు ఎవరూ మాతో ఏమీ అనలేదు," అన్నాడు.

ఎదెల్మీరా అక్కడే నిలబడిపోయింది. ఎవరో ఆడవాళ్ళు వచ్చి భుజం పట్టుకుని, తల్లి పోయిన దిగులమ్మా, పద అన్నారు. పట్టీని సాతుర్నినో జేబు రుమాల్లో చుట్టి పార్టీ ఆఫీసుకు పట్టుకుపోయాడు. ఇప్పుడు అక్కడ అద్దం వెనకాల ఉంది. హసింతో మునుపటికంటే గొప్పవాడయ్యాడు. పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చి చూస్తున్నారు. ఇల్లు ఖాళీ చేయమని సాతుర్నినో అననే లేదు, పైగా కొత్త పెంకులు వేయించాడు. అదే ఆవిడకు అన్నింటికంటే ఎక్కువ మండింది.

లిసాంద్రో మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నేను మతే గిన్నెతో పక్కనే మా బేకరీ గుమ్మంలో ఉన్నాను. ఎదెల్మీరా తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు, అందుకే మెట్టు మీదే నిలబడ్డాడు. అదంతా నీ మంచికే అన్నాడు. నేను అవునంటే ఊరు రెండుగా చీలేది, నా కొట్టు పోయేది, నీ నీడ పోయేది, మనిద్దరం ఏం తిని బతికేవాళ్ళం అన్నాడు. నిజం మనకు తెలుసు, అది చాలదా, పద ఫాదర్ దగ్గరికి వెళదాం అన్నాడు. ఆవిడ అంతా విన్నది. తొందరేమీ పడలేదు.

"మా అమ్మకిచ్చిన మాట కోసం నోరు మూసుకున్నావంటే నమ్మాను లిసాంద్రో. అందుకే నిన్ను క్షమించాను కూడా. నిన్న అక్కడ మా అమ్మ లేదు. నువ్వొక్కడివే ఉన్నావు."

అతను ఇంకేదో అనబోయాడు. ఆవిడ తలుపు వేసింది, గట్టిగా కాదు, మామూలుగానే. అతను మెట్టు దిగి, నా వైపు చూసి, కొట్టు తెరిచే వేళైందని వెళ్ళిపోయాడు.